పైపులో గాలి

నవంబరు 3

వేడినీళ్ళు రావడం లేదు. అంటే బొత్తిగా రావడం లేదని కాదు. గోరువెచ్చగా వచ్చి, కాసేపటికి ఆ వెచ్చదనం కూడా పోతోంది. గీజర్ ఎర్రలైటు మాత్రం నిక్షేపంగా వెలుగుతోంది.

ఎండలున్నన్నాళ్ళూ చన్నీళ్ళే పోసుకున్నాను. అందుకే ఈ జబ్బు ఎప్పుడు మొదలైందో నాకు తెలియదు. ఆయన ఉంటే తెలిసేది. ఈ ఇంట్లో నీళ్ళ వ్యవహారం ఆయన తప్ప ఇంకెవరూ ముట్టుకోలేదు. ప్లంబర్ని గడప తొక్కనిచ్చేవారు కాదు. సెలవు వస్తే రెంచి పట్టుకుని ఏదో ఒక గోడలో తల దూర్చి కనిపించేవారు. ఏ పైపు ఎక్కడ మునిగి ఎక్కడ తేలుతుందో ఆ తలలోనే ఉండేది. ఆగస్టు చివర్లో ఆఫీసుకు వెళ్తూ బస్టాపులో కుప్పకూలిపోయారు. గుండె అన్నారు.

కింద గదిలో చిట్టి ఉంటుంది. ఆయన చెల్లెలు. యాభై దాటినా అందరికీ చిట్టే. కుట్టుమిషనే నా మొగుడు, ఇంకో మొగుణ్ణి తెచ్చి నా పని చెడగొట్టకండి అని వయసులో ఉన్నప్పుడే తేల్చి చెప్పిందట. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. పూర్తి మొగుడు పోయి అర్ధమొగుడు మిగిలింది నాకు.

మెట్ల మీద నిలబడి, నీకు వేడినీళ్ళు వస్తున్నాయా అని కేకేశాను. బ్రహ్మాండంగా వస్తున్నాయి వదినా, పొగలు కక్కుతున్నాయి అంది.

గీజర్ ఉన్నది పైన. పైనున్న నాకు గోరువెచ్చన, కిందున్న ఆవిడకు పొగలు. బాగుంది.

నవంబరు 4

పొద్దున్నే బావగారి ఫోన్. మా ఆయనకూ చిట్టికీ పెద్దన్నయ్య. నా క్షేమం ఒక్క ముక్కలో కానిచ్చి చిట్టి చేతులెలా ఉన్నాయని అడిగారు.

చిట్టికి కీళ్ళవాతం. వేళ్ళ కణుపులు ఉబ్బిపోయి చాలాకాలమైంది. తమ్ముడు పోయినప్పుడే ఆవిణ్ణి తమ ఇంటికి తీసుకుపోతానని బావగారు పట్టుబట్టారు. ఆవిడ గుమ్మం దగ్గర కూర్చుని కదలనంది. చివరికి అందరం ఒక మాట అనుకున్నాం. తన పనులు తను చేసుకోగలిగినన్నాళ్ళు చిట్టి ఇక్కడే ఉంటుంది. చేసుకోలేని రోజు వస్తే మారుమాట లేకుండా పెద్దన్నయ్య ఇంటికి వెళ్ళాలి. అక్కడ ఆవిడకిచ్చే గది నేను చూశాను. కిటికీ లేదు. మిషన్ పట్టదు.

నెలాఖరుకు స్వయంగా వచ్చి చూస్తారట. అంతవరకు ఆవిణ్ణి కనిపెట్టి ఉండమన్నారు. మొహమాటపడకమ్మా, ఉన్నదున్నట్టు చెప్పు అన్నారు. సరేనన్నాను. మాట్లాడుతున్నంతసేపూ కింద మిషన్ గడగడలాడుతూనే ఉంది. అదిగో వినండి, కుడుతూనే ఉంది అన్నాను.

నవంబరు 6

ప్లంబర్ వచ్చాడు. ఏమడిగినా చూద్దాం అంటాడు. నేను చూద్దాంగారని పేరు పెట్టేశాను. గీజర్ విప్పి, సున్నం పేరుకుపోయింది, ఎలిమెంట్ పోయింది అన్నాడు. మార్చాడు. థర్మోస్టాట్ మీద కూడా అనుమానం అన్నాడు. అదీ మార్చాడు. ఇక వస్తాయా అంటే చూద్దాం అన్నాడు.

కింద బాత్రూమ్ కూడా ఒకసారి చూస్తానని దిగాడు. చిట్టి తలుపు కాస్త తీసి, ఆ సందులోంచే, నాకే ఇబ్బందీ లేదయ్యా, నేలంతా బట్టలు పరుచుకుని ఉన్నాను, తొక్కుతావు అని పంపేసింది.

నేను కలగజేసుకోలేదు. మా ఇద్దరి మధ్య మొదటినుంచీ ఒక మర్యాద ఉంది. రాత్రి భోజనానికి ఆవిడ పైకి వస్తుంది, కానీ నా పెత్తనాల జోలికి రాదు. నేను ఆవిడ గదిలో అడుగుపెట్టను. ఒకే కప్పు కింద ఇన్నేళ్ళు జుట్లు పట్టుకోకుండా బతికామంటే ఆ మర్యాదే కారణం.

నవంబరు 7

అవే నీళ్ళు. చూద్దాంగారు ఫోనెత్తడం లేదు.

నవంబరు 9, సాయంత్రం

ఇక నేనే మొదలుపెట్టాను. క్లినిక్ ల్యాబ్‌లో జీవితమంతా జనాలకి సూదులు గుచ్చి, ఎవరి రక్తంలో ఏముందో చెప్పిన దాన్ని. ఈ గీజర్ జబ్బు చెప్పలేనా?

ల్యాబ్ నుంచి థర్మామీటర్ తెచ్చాను. గీజర్ లోంచి బయటికొచ్చే పైపు చెయ్యి పెట్టనివ్వడం లేదు. పక్కనే కుళాయిలో నీళ్ళు చూస్తే గోరువెచ్చన. అంటే గీజర్ తప్పేం లేదు. పాలు కాచే మనిషి మంచిదే, పోసే మనిషి నీళ్ళు కలుపుతోందన్నమాట. దారిలో ఎక్కడో చన్నీళ్ళు కలుస్తున్నాయి.

లేదా వేడినీళ్ళు ఇంకో దారిలో ఇంకెక్కడికో పోతున్నాయి. ఎక్కడ పొగలు కక్కుతున్నాయో అక్కడికి.

ఇది రాయకూడదు, కానీ నాకోసమే రాసుకునేది కదా. చెల్లెలి గదికి నేరుగా ఒక పైపు ఆయన నాకు చెప్పకుండా వేశారేమోనని అనుమానం వచ్చింది. ఆయనకు చెల్లెలంటే ప్రాణం. రోజూ పొద్దున్న గోడలో ఇనప పైపు టక్ టక్‌మని మోగేది. ఆయన టీ గ్లాసు అక్కడే పెట్టేసి, పైపులో గాలి పట్టింది, వెళ్ళి వదిలి వస్తాను అని కిందికి పోయేవారు. గాలి వదలడానికి అంతసేపేమిటి అంటే, ఎయిర్‌లాక్ అంటే మాటలు కాదు, నీకు తెలీదులే అనేవారు. తిరిగొచ్చేసరికి చొక్కా చెయ్యి తడిసి ఉండేది. టీ చల్లారిపోయి ఉండేది. అన్నాచెల్లెళ్ళు కలిసి నా మీద చాడీలు చెప్పుకుంటున్నారని నాకు రూఢి. గాలి పట్టింది పైపుకి కాదు, మీకు అని దెప్పేదాన్ని.

ఆయన పోయాక పైపు మోగలేదు. ఒక్కరోజు కూడా. గాలి పట్టడం కూడా మానేసింది. ఇది ఇప్పుడు రాస్తుంటేనే తట్టింది.

నవంబరు 10

భోజనాల దగ్గర చిట్టి గ్లాసుని రెండు అరచేతుల మధ్య పెట్టుకుని తాగింది. నేను చూడటం చూసి, చలి కదా వదినా, చేతులు వెచ్చబెట్టుకుంటున్నా అంది.

గ్లాసులో ఉన్నవి కుండలో నీళ్ళు.

నవంబరు 12

బావగారు మళ్ళీ చేశారు. తాళం తీస్తోందా, బొత్తాలు పెట్టుకుంటోందా అని ఒక్కొక్కటే అడిగారు. చూసి చెబుతానన్నాను.

ఫోన్ పెట్టేశాక ఒక ఆలోచన వచ్చింది. చిట్టి వెళ్ళిపోతే ఈ ఇంట్లో నేనొక్కదాన్నే. ఎవరికీ సంజాయిషీ లేదు. భోజనం వేళకి ఎదురుగా ఆయన ముక్కు, ఆయన నవ్వు పెట్టుకుని ఇంకో మనిషి కూర్చోదు. ఆ ముక్కు చూసినప్పుడల్లా నాకు అన్నం దిగదు. వెళ్ళిపోతే బాగుండునని ఒక్క క్షణం గట్టిగానే అనిపించింది. నోటితో పొమ్మనలేను. పొగ పెట్టేంత ధైర్యమూ లేదు. ఆవిడ చేతులే ఆ పని చేసిపెడతాయేమో.

ఎంత పాడుబుద్ధి.

నవంబరు 14

గోడ పగలగొట్టించాను.

చూద్దాంగారు, తాపీమేస్త్రి ఇద్దరూ వచ్చారు. పైన బాత్రూమ్ గోడ నడుమెత్తు వరకు తవ్వించాను. దొంగపైపు ఏదీ లేదు. కిందికి దిగుతున్నది ఒకే ఒక్క వేడినీళ్ళ పైపు. కొండను తవ్వి ఎలుకను పట్టాను, ఆ ఎలుక కూడా దొరకలేదు.

దొరికింది వేరే. పైపుకి చొక్కా తొడిగి ఉంది. నిజంగానే. మా పాత దుప్పటి పొడుగ్గా కత్తిరించి, లోపల దూది నింపి, పైపు చుట్టూ గొట్టంలా కుట్టారు. కిందికి పోయేలోగా వేడి చల్లారకుండా. దగ్గరదగ్గరగా పడిన సన్నటి కుట్టు. చూడగానే చిట్టి కుట్టని తెలిసిపోయింది. గోడలో పూడ్చేసే పైపుకి అంచులు కూడా మడిచి కుట్టింది. ఎవరు చూస్తారని?

చూద్దాంగారు అది లాగి పారేయబోయాడు. వాడి మీద అరిచాను. ఆ దుప్పటి మా పెళ్ళినాటిది. చిరిగిపోయింది, పారేశానని ఆయన నాతో చెప్పారు. సిమెంటు దుమ్ములో కూర్చుని, మేస్త్రులు చూస్తున్నా లెక్కచేయకుండా ఏడ్చాను. నన్ను వదిలేసి వాళ్ళిద్దరూ చేసుకున్న పని అది. నాకు కడుపు మండింది. ఆయన కావాలనిపించింది. రెండూ ఒకేసారి.

నవంబరు 16

ల్యాబ్‌లో ఒక నమూనా పాడైతే ఏం చేస్తాం? ఒక్కొక్క దారీ మూసుకుంటూ వస్తాం. ఇన్నాళ్ళూ ఆ ఇంగితం ఎక్కడికి పోయిందో.

గీజర్ లోకి చన్నీళ్ళు వెళ్ళే వాల్వ్ మూసేశాను. గీజర్ లోకి నీళ్ళు పోకపోతే దాంట్లోంచి నీళ్ళు రాకూడదు. వేడి కుళాయి తిప్పాను. కాసిన్ని వచ్చి ఆగిపోవాలి.

ఆగలేదు. ధారగా వస్తూనే ఉన్నాయి. చల్లగా, మంచులా.

వేడి కుళాయిలోంచి వచ్చేవి టాంకులో చన్నీళ్ళు. ఈ ఇంట్లో ఎక్కడో వేడి పైపు, చల్ల పైపు చేతులు కలిపి ఉన్నాయి.

నవంబరు 17

కిందికి దిగే పైపు మీద ఆయన ఒక వాల్వ్ పెట్టారు. వాష్‌బేసిన్ వెనకాల. అది కూడా మూశాను. ధార ఆగిపోయింది.

కలుస్తున్నది చిట్టి బాత్రూములోనే. పొగలు కక్కుతున్నాయని చెప్పింది అబద్ధం.

నవంబరు 18

సెలవు పెట్టాను. పొద్దున్న మిషన్ చప్పుడు మొదలయ్యేదాకా ఆగి కిందికి వెళ్ళి తలుపు తట్టాను. మిషన్ ఆగింది. తలుపు తీయడానికి చాలాసేపు పట్టింది. లోపలికి రావచ్చా అని కూడా అడగలేదు. మర్యాద గట్టు మీద పెట్టి లోపలికి నడిచాను.

నేల మీద బట్టలేమీ లేవు. ఏ మూలా ఒక్క గుడ్డముక్క లేదు. మిషన్ మీద దారం లేదు. సూది కూడా లేదు. వట్టి మిషన్ తొక్కుతోంది. నాకు పైకి వినిపించాలని కాళ్ళతో తొక్కుతోంది. నేను ఫోన్లో బావగారికి వినిపించింది ఆ చప్పుడే.

తర్వాత కళ్ళు అలవాటుపడి ఒక్కొక్కటీ కనిపించడం మొదలైంది. గడియకి గుడ్డతో చేసిన ఉచ్చు, మణికట్టు దూర్చి లాగడానికి. సొరుగులకి ఉచ్చులు. దువ్వెన పిడికి చేతి మందాన గుడ్డ చుట్టి ఉంది. చెంచాకీ అంతే. గదినంతా తన చేతుల కొలతకి కుట్టుకుంది.

బాత్రూమ్ తలుపు తోశాను. గోడకి పాత మిక్సర్, వేడికి ఒకటి, చన్నీళ్ళకి ఒకటి, రెండు గుండ్రటి కుళాయిలు. దానికి హ్యాండ్ షవర్. రెండు కుళాయిలూ తెరిచే ఉన్నాయి. షవర్ మీట నొక్కితే నీళ్ళు, వదిలితే ఆగిపోతాయి. నీళ్ళు ఆగుతాయి గానీ వెనకాల కుళాయిలు తెరిచే ఉన్నాయిగా. చల్ల పైపులో నీళ్ళు తిన్నగా వేడి పైపులోకి ఎక్కుతున్నాయి. ఇల్లంతా తిరుగుతున్నాయి. అదీ జబ్బు. దీనికోసం నేను గోడ పగలగొట్టించాను.

కట్టెయ్యడానికి ఏమొచ్చింది నీకు అని అరిచాను. చెయ్యి చాచి కుళాయి పట్టుకోబోయాను. చిట్టి గబగబా వచ్చి నా చేతికి అడ్డం నిలబడింది. వద్దు వదినా, అన్నయ్య తెరిచింది అంది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు కూర్చోబెట్టి చెప్పింది. నా మొహం చూడకుండా, మిషన్ చక్రం వైపు చూస్తూ చెప్పింది.

ఆవిడ చేతులు కుళాయి తిప్పడం మానేసి చాలాకాలమైందట. గడియకీ సొరుక్కీ గుడ్డ కట్టగలిగింది గానీ, తడిసిన గుండ్రటి కుళాయికి ఏ గుడ్డా నిలవలేదట. అందుకని రోజూ పొద్దున్న రెండు అరచేతులతో కత్తెర ఎత్తి పైపు మీద కొట్టేది. టక్ టక్. ఆయన దిగి వచ్చి రెండు కుళాయిలూ తిప్పి, పాళ్ళు చూసి, బయట గట్టు మీద కూర్చునేవారు. ఆవిడ స్నానం అయ్యాక మళ్ళీ వచ్చి కట్టేసేవారు. తెరిచి వదిలేస్తే మీ వదినకు పైన వేడినీళ్ళు పోతాయే అనేవారట. మరి వదినకేం చెబుతున్నావు అన్నయ్యా అంటే, పైపులో గాలి పట్టిందని చెప్పానులే, ఇంజినీరింగ్ మాట చెబితే ఆవిడ ఇంకేం అడగదు అన్నారట.

ఆ చివరి రోజు ఆలస్యమైందట. కుళాయిలు తిప్పి, సాయంత్రం వచ్చి కట్టేస్తాలే అని బస్సుకోసం పరుగెత్తారు.

అప్పటినుంచీ అవి అలాగే ఉన్నాయి. ఆగస్టు ఉక్కకి ఆయన పెట్టిన పాళ్ళతోనే, ఎక్కువ చన్నీళ్ళు కొంచెం వేడినీళ్ళు, ఈ చలిలో కూడా స్నానం చేస్తోంది. చన్నీళ్ళ కుళాయి కాస్త తగ్గించుకునే శక్తి ఆ వేళ్ళలో లేదు. చల్లటి నీళ్ళకి వేళ్ళు ఇంకా బిగుసుకుపోయాయి. నన్నెందుకు పిలవలేదు అన్నాను. నువ్వు పెద్దన్నయ్యకి చెప్పే మనిషివి కదా వదినా అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు. ఉన్నమాట అన్నట్టు అంది.

ఇంకోటి కూడా అంది. నీకు చెప్పి కట్టించేసుకోవచ్చు, కానీ కట్టేస్తే అన్నయ్య తెరిచింది ఇంకెక్కడా ఉండదు కదా అంది.

కుళాయిలు ముట్టుకోకుండా పైకి వచ్చేశాను.

నవంబరు 19

ఆయన్ని నోట్లో నువ్వుగింజ నానని మనిషి అనుకున్నాను. పొరుగింటివాళ్ళ గుట్టు నాకూ, మా ఇంటి గుట్టు వీధికీ చెప్పేసే మనిషి. ఆ మనిషి ఇన్నేళ్ళు నా పక్కన పడుకుని, గాలి, గాలి అంటూ దీన్ని కడుపులో దాచుకున్నాడు.

ఇంకో సంగతి నన్ను నిద్రపోనివ్వడం లేదు. జీవితమంతా రెంచి వదలని మనిషి. ఇంట్లో మార్చని కుళాయి లేదు. ఆ ఒక్క మిక్సర్ మార్చడానికి ఎంతసేపు? చిట్టిని అడిగితే, నేనే వద్దన్నాను, కొత్తరకం కుళాయి చూస్తే పెద్దన్నయ్య పసిగడతాడు అన్నాను, అన్నయ్య కూడా సరే రోజూ నేనే వస్తాగా అన్నాడు అంది. రోజూ నేనే వస్తాగా. పోతాననుకోలేదు ఆ పిచ్చిమనిషి.

నవంబరు 21, ఉదయం

కుళాయిలు కట్టేశాం. చిట్టి తన అరచెయ్యి నా చేతి మీద వేసింది. ముందు చన్నీళ్ళది, తర్వాత వేడిది. గట్టిగా బిగిసి ఉంది. ఆయన అన్నీ గట్టిగానే తిప్పేవారు.

పైకి వచ్చి వేడి కుళాయి తిప్పితే పొగలు వచ్చాయి. అద్దం మసకేసింది. బకెట్ నిండినా కట్టలేకపోయాను. ఇన్నాళ్ళూ చావు పనులని, గీజర్ పనులని తిరుగుతూ సరిగా ఏడవనే లేదని ఆ వేడి ఒంటికి తగిలాకే తెలిసింది. తలుపు వేసుకుని బిగ్గరగా ఏడ్చాను. కింద చిట్టికి వినపడే ఉంటుంది. మిషన్ తొక్కలేదు.

నవంబరు 23

మా ల్యాబ్‌లో చేతులు కడుక్కునే చోట పొడుగు పిడి కుళాయి ఉంటుంది. మోచేత్తో తోస్తే వస్తాయి, మోచేత్తో తోస్తే ఆగుతాయి. పక్కకి జరిపితే వేడి. రోజూ వాడుతూ ఇన్నాళ్ళూ నాకు తట్టలేదు. చూద్దాంగార్ని పిలిచి అలాంటిది తెప్పించాను. పాత మిక్సర్ పీకించి అది పెట్టించాను. ఎందుకైనా మంచిదని రెండు పైపులకీ నీళ్ళు వెనక్కి మళ్ళకుండా ఆపే వాల్వులు కూడా వేయించాను. దుప్పటి చొక్కా దులిపి మళ్ళీ పైపుకి తొడిగించి గోడ మూయించాను. ఇంత చేశాక చిట్టి సంతోషిస్తుందనుకున్నాను.

మండిపడింది. ఇది ఆసుపత్రి కుళాయి, నన్ను రోగిని చేసి కూర్చోబెట్టావు, పెద్దన్నయ్య గుమ్మంలో అడుగుపెట్టగానే ఇదే చూస్తాడు, నువ్వు నోరు తెరవక్కర్లేదు, అదే చెబుతుంది అంది. తలుపు మొహం మీద వేసింది. ఉచ్చు లాగిన చప్పుడు వినిపించింది.

ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. సాయంత్రం చూద్దాంగారికి ఫోన్ చేసి, అలాంటిదే ఇంకోటి తెమ్మన్నాను. పైన నా బాత్రూముకి. ఎందుకమ్మా, నీకేమైంది అన్నాడు. చూద్దాం అన్నాను.

నవంబరు 26

చిట్టి మూడు రాత్రులనుంచి పైకి భోజనానికి రావడం లేదు. పళ్ళెం కిందికే పంపుతున్నాను. ఖాళీగా తిరిగొస్తోంది. అలిగింది గానీ ఆకలి మీద కాదు.

నవంబరు 29

బావగారు వచ్చి వెళ్ళారు.

గుమ్మంలో చెప్పులు విప్పకుండానే చిట్టీ, చేతులేవీ చూపించు అన్నారు. చలికి బిగిశాయి అన్నయ్యా అని ఆవిడ కొంగు కింద దాచుకుంది. అన్ని గదులూ తిరిగారు. అలక అలాగే ఉన్నా, ఉచ్చులన్నీ తెల్లారేలోపే ఇద్దరం విప్పి దాచేశాం. కానీ కుళాయి దాగదు కదా. ఇదేమిటి, ఆసుపత్రిలో ఉన్నట్టు అన్నారు. ఇప్పుడు అందరూ ఇవే పెట్టించుకుంటున్నారు బావగారూ, పైన నేనూ పెట్టించుకున్నాను, రండి చూపిస్తాను అన్నాను. చూపించాను. మోచేత్తో తోసి, మళ్ళీ తోసి, పిల్లాడిలా ఆడుకున్నారు. భలే ఉందే, మా ఇంట్లోనూ పెట్టించాలి అన్నారు. గోడ మీద కొత్త సిమెంటు చూసి ఇదేమిటన్నారు. నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది. పైపులో గాలి పట్టింది బావగారూ, ఎయిర్‌లాక్ అన్నాను. ఆయన తలూపారు. ఇంజినీరింగ్ మాట చెబితే ఎవరూ ఇంకేం అడగరు.

గండం గడిచిందనుకున్నాను. భోజనాలయ్యాక కోటు విప్పి చిట్టి ఒళ్ళో వేశారు. లోపలి లైనింగ్ జానెడు మేర ఊడింది, సాయంత్రం బండికి వెళ్ళేలోగా కుట్టి పెట్టు అన్నారు. నవ్వుతూనే అన్నారు. కానీ కళ్ళు ఆవిడ చేతుల మీదే ఉన్నాయి. అది కోటు కాదు, పరీక్ష. చిట్టికీ తెలుసు, నాకూ తెలుసు.

చిట్టి కోటుని రెండు ముంజేతుల మధ్య పట్టుకుని లేచింది. ఎంతసేపు అన్నయ్యా, ఇట్టే కుట్టుకొస్తా అని కిందికి నడిచింది. నేను వంటింట్లోకి వెళ్ళినట్టే వెళ్ళి, వెనక మెట్ల మీంచి కిందికి దిగాను.

సూది ఎక్కడుందంటే సొరుగులో అని గడ్డంతో చూపించింది. సూది బిగించాను. దారం ఎక్కించాను. నా చేతులకి నరాల్లోకి సూది గుచ్చడం వచ్చు గానీ గుడ్డలోకి రాదు. కుర్చీలో ఆవిడ కూర్చుంది, పక్కన నేను మోకాళ్ళ మీద. నువ్వు పట్టు, నేను తొక్కుతాను, గుడ్డని లాగకు, అదే నడుస్తుంది, వెనకాల చెయ్యి ఊరికే ఆనించు అంది. ఆవిడ కాళ్ళు, నా చేతులు. మిషన్ నడిచింది. పక్కకి పోతోంది, పక్కకి పోతోంది వదినా అని గుసగుసగా తిట్టింది. ఇంత వయసొచ్చినా తిన్నగా కుట్టు వేయలేవా, అన్నయ్య నిన్నెలా భరించాడో అంది. నేను మీ అన్నయ్యని భరించలేదా అన్నాను. ఇద్దరికీ నవ్వొచ్చింది. పైకి వినిపిస్తుందని నోళ్ళు మూసుకుని నవ్వాం. ఆ నవ్వులో కుట్టు ఇంకా పక్కకి పోయింది.

బావగారు కోటు తిరగేసి కిటికీ దగ్గర వెలుతురులో పట్టి చూశారు. కుట్టు తాగినవాడి నడకలా ఉంది. చిట్టీ, కళ్ళద్దాలు మార్పించుకోవే, చూపు తగ్గింది నీకు అన్నారు. అంతే. కోటు తొడుక్కున్నారు.

గుమ్మం దాటుతూ నన్ను పక్కకి పిలిచి, ఉన్నదున్నట్టు చెప్పమ్మా, తన పని తను చేసుకోగలదా అని అడిగారు. ఆయన మంచివారే. చెల్లెలి మీద ప్రేమతోనే అడిగారు. తలెత్తి ఆయన మొహంలోకి చూసి, చేసుకుంటోంది బావగారూ, నాకంటే బాగా అన్నాను.

రాత్రి చిట్టి పైకి భోజనానికి వచ్చింది. ఎదురుగా అదే ముక్కు. అన్నం దిగింది.

డిసెంబరు 2, ఉదయం

ఇంకా సరిగా తెల్లవారలేదు. టీ పోసుకుని కూర్చున్నాను. గోడలో పైపు మోగింది. టక్ టక్.

కొత్త కుళాయి మోచేత్తో తిరుగుతుంది. నిన్న తనే తిప్పుకుంది, కట్టుకుంది. నాతో పనిలేదు.

మళ్ళీ టక్ టక్.

గాలి పట్టింది. టీ ఇక్కడే పెట్టేసి, వెళ్ళి వదిలి వస్తాను.